నీళ్లు ఎక్కడ పెట్టాలో తెలిసిన వదినె

మా వదినె పోయిందన్న కబురు నాకు బస్టాండులో తెలిసింది. ఇప్పుడు నేను నిర్మల్‌లో నా బిడ్డ ఇంట్లో ఉంటున్నాను. పేపరు కోసం రోజూ బస్టాండు దాకా నడుస్తాను. కరీంనగర్ నుంచి వచ్చే బస్సు కండక్టరు మా ఊళ్లో మా వీధివాడే. నన్ను చూసి బస్సు దిగకుండానే, "సారూ, మీ వదినె పోయింది. నిన్ననే మట్టి జేసిండ్రు. తార్ కొట్టినమన్నరు, ముట్టలేదా?" అన్నాడు. ముట్టలేదు. ఆ టెలిగ్రాం నేను మా ఊరికి బయలుదేరిన తర్వాత వచ్చిందట. అదే మా వదినె అయితే తార్ కొట్టి చేతులు దులుపుకునేది కాదు. అదే మాట కండక్టరుకూ చెప్పి పంపేది, వాడు మరిచిపోతాడేమోనని బస్సులో ఉన్న మా ఊరి మనిషి ఇంకొకరికీ చెప్పేది. ఏ పనినీ ఒక్క దారాన వేలాడదీసి వదిలే అలవాటు ఆమెకు లేదు.

నేను వెళ్లేసరికి ఇంట్లో మగ్గం గుంత పక్కన దీపం ఒక్కటే ఉంది. ఆ సాయంత్రమే సేవా సంఘం వాళ్లు సంతాప సభ పెట్టారు. ఆమె ఫోటోకు పూలదండ వేశారు. సంఘం అధ్యక్షులు, బట్టల వ్యాపారం చేసే సావుకారు, కళ్లు తుడుచుకుంటూ ఆమె మాతృమూర్తి అన్నారు. తర్వాత కాలేజీలో పాఠాలు చెప్పే ఒకాయన లేచి, ఆమె ఎవరో సరిగ్గా తెలియకపోయినా, "ఆ తల్లికి ప్రణాళికలు తెలియవు, ప్రేమ ఒక్కటే తెలుసు" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నేను మాట్లాడతానని చెయ్యి ఎత్తాను. వేళ మించిపోయిందన్నారు.

నాకు డెబ్భై దాటాయి. శత్రువులను కాపాడుకునే ఓపిక కూడా తగ్గిపోయింది. కానీ ఆ ఒక్క మాటను అలా వదిలేసి పోలేను. ప్రేమ అందరికీ ఉంటుంది, ఆ సావుకారుకూ ఉందేమో. మా వదినెకు తెలిసింది ప్రణాళికే. ఒక పని తలపెడితే ఆ పని ఎవరి చేతి మీదుగా, ఏ దారిన, ఏ ఎండలో, ఎవరి పక్క నుంచి వెళ్తుందో ముందే కళ్లకు కట్టినట్టు చూడగలిగిన బుర్ర ఆమెది. ఆమెను అమ్మను చేసి ఆ బుర్రను మట్టిలో కలిపేశారు. ఎందుకు కలిపేశారో నాకు తెలుసు. సావుకారుకూ తెలుసు. ఇక చదివేవాళ్లకూ తెలియాలి.

మా అన్న చనిపోయింది మా ఊరి జాతరలో. వేములవాడలో మాదిరి మా గుడిలోనూ కోడెను తిప్పే మొక్కు ఉంది, కాకపోతే మా జాతర ఎండాకాలంలో వస్తుంది. నిజాం రోజుల్లో అక్కడ మంచినీళ్లు పెట్టేవాళ్లు లేరు. దూప ఆగక మా అన్న బండ్ల బాట పక్క గుంటలోని నీళ్లు తాగాడు. కలరా. రెండు పొద్దులు గడవలేదు. మా వదినె అప్పటికి వయసులో ఉన్న మనిషి. ఆమె ఏడ్చింది, తర్వాత మగ్గం మీద కూర్చుంది, పిల్లలను పెంచింది. జాతర వచ్చిందంటే మాత్రం వాకిట్లో రెండు రంజన్లు నింపి పెట్టేది. రంజన్ అంటే మా వైపు పెద్ద నీళ్ల కుండ.

నిజాం రాజ్యం పోయాక ఊళ్లో సేవా సంఘం పుట్టింది. ఆ రోజుల్లో అందరికీ ఏదో ఒకటి స్థాపించాలని ఉండేది. అధ్యక్ష పదవికి పోటీ, కోశాధికారికి పోటీ. కార్యదర్శి పదవికి పోటీ లేదు, అందులో పని ఉంది కాబట్టి. రంజన్లు పెట్టే ఆవిడ ఉంది కదా అని మా వదినెను పిలిచి కూర్చోబెట్టారు. ఆడమనిషి అయితే మాట వింటుందని కూడా అనుకుని ఉంటారు.

మొదటి మీటింగు నాకు బాగా గుర్తు. నేనూ సభ్యుణ్ణే. సావుకారు కండువా సర్దుకుని, "ఈసారి జాతరకొచ్చినోళ్లందరికీ మజ్జిగ పోద్దాం" అన్నారు. అందరూ బాగుందన్నారు.

"మంచిగనే ఉంది సావుకారీ. గా తర్వాత?" అంది వదినె.

"గా తర్వాత ఏముంటది చెల్లె? తాగుతరు."

"పెరుగు ఎవరింట్ల తోడేస్తరు? గా ఎండకు ఎంతసేపట్ల పులుస్తది? తాగిన గిలాసలు ఎవలు కడుగుతరు? కడిగిన నీళ్లు ఏడ వోస్తరు? గా బురదల ముసలోళ్లు జారి పడ్తె ఎవలు లేపుతరు?"

"చెల్లె, నువ్వు చెంబెడు మజ్జిగను సముద్రం జేస్తున్నవు."

"నేను జేస్తలేను. అందరికీ పోస్తనన్నది మీరే."

ఆ ఏడు మజ్జిగ లేదు. మంచినీళ్లే పెట్టారు. కానీ పొద్దుగూకే వరకు ఒక్క రంజన్‌నూ ఆమె ఖాళీ కానివ్వలేదు.

'గా తర్వాత?' అన్నది ఆమె ఊతపదం అయిపోయింది. ఎవరైనా గొప్ప ఆలోచన చెప్పగానే కమిటీలో నలుగురు ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు, ఇప్పుడు అంటుంది చూడు అని. ఆమె అనేది. దానికి జవాబు లేని ఆలోచన అక్కడే చచ్చిపోయేది. అలా చచ్చిపోయిన ఆలోచనల్లో కొన్ని నావి కూడా ఉన్నాయి. అవి చావడమే మంచిదయింది.

ఇంకొక అలవాటు జోడు పెట్టడం. ఏ పనికైనా ఒక మనిషిని అనుకుంటే, ఆ మనిషి రాలేకపోతే చేసే మనిషిని కూడా అప్పుడే, అందరి ముందే అనుకోవాలి. కుమ్మరి యువకుడు ఒకడు నీళ్ల బండి తోలతానని ముందుకు వచ్చాడు. "నీ పెండ్లానికి నెలలు నిండినయి గద బిడ్డా. గా పూట నొప్పులొస్తె బండి తోల్తవా?" అని అడిగింది. వాడు సిగ్గుపడి, "తోల్త పెద్దమ్మా" అన్నాడు. "తోలకు. నీ జోడు ఎవలో జెప్పు" అంది. ఆ మాటలో కోపం లేదు. మనుషులకు జబ్బులు, చావులు, పురుళ్లు వస్తాయని ఆమె లెక్కలో ముందే ఉండేది. మా కమిటీ పెద్దల లెక్కలో అందరూ ఎప్పుడూ ఆరోగ్యంగా ఉండేవారు, ఎండ కూడా వాళ్లు చెప్పినట్టు కాసేది.

జాతరకు ముందు ఒక నాడు కమిటీ మొత్తాన్ని మిట్టమధ్యాహ్నం గుడి ముందు వరుసలో నిలబెట్టేది. భక్తులు ఎలా నిలబడతారో అలాగే, చెప్పులు లేకుండా. నవ్వేవాళ్లు నవ్వేవారు. మా ఉపాధ్యక్షుడు వకీలు. మొదటి ఏడు కాసేపటికే ఆయన, "వదినమ్మా, ఇగ నాతోని గాదు, జర నీడకు పోదాం" అన్నాడు.

"నీడ యాదికొచ్చిందా వకీలుసాబ్?"

"వచ్చింది తల్లీ."

"అయితే గా నిలబడ్డ కాడనే ఉండుండ్రి. పందిరి గుంజ ఆడనే పాతాలె."

ఆయన నిలబడ్డచోట సున్నంతో గుర్తు పెట్టించింది. ఆ ఏడు నుంచి పందిరి అక్కడే వేశారు.

నన్నూ వదిలేది కాదు. నేను ఉర్దూ బడిలో చదువుకుని, ఉర్దూ బడిలోనే పాఠాలు చెప్పినవాణ్ణి. మూడు భాషల్లో దొరికిన పుస్తకమల్లా చదివాను, ఇప్పటికీ చదువుతున్నాను. "మరిదీ, ఇన్ని బుక్కులు సదివినవు గద, ఒక్కదాంట్ల గూడ నీళ్లు ఏడ వెట్టాల్నో రాసి లేదా?" అని అడిగింది ఒకసారి.

"యుద్ధాల చరిత్రల్ల ఉన్నది వదినె. దూపతోని దండ్లకు దండ్లే ఓడిపోయినయట."

"ఓడిపోయినంక రాసిండ్రు. గదేం చదువు?"

నీళ్లు ఎక్కడ పెట్టాలన్నదే అసలు సంగతి. మా జాతరలో కోడె మొక్కు ఉన్నవాళ్లు ఒక్కపొద్దు ఉంటారు. తాము ఉండటమే కాదు, కోడెనూ ఉంచుతారు. గుడి చుట్టూ తిప్పడం అయ్యేదాకా మనిషీ తాగడు, పశువూ తాగదు. మొక్కు తీరేదాకా పగ్గం చేజారకూడదని దాన్ని మణికట్టుకు చుట్టుకుంటారు. వరుస పొడుగు, ఎండ మండుతుంటుంది, కోడెల నోళ్ల నుంచి నురుగు కారుతుంటుంది. అందుకని మా వదినె నీళ్లను వరుస దగ్గరికి రానిచ్చేది కాదు. గుడి చుట్టు తిరిగి బయటికి వచ్చే దారిలో, గోడ మలుపు దాటాక పెట్టించేది. మనుషులకు రంజన్లు, పశువులకు గోలేలు, అంటే నీళ్ల తొట్లు. ఆ నెలలో మా ఊళ్లో గాలి ఎటు నుంచి వీస్తుందో చూసి మరీ పెట్టించేది, తడి వాసన వరుస వైపు పోకూడదని. ఆమె ఉన్న ఆ ఏళ్లన్నీ ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడాన్ని ఎవరూ మెచ్చుకోరు.

ఒక ఏడు జాతరకు పెద్ద అధికారి ఒకరు వస్తున్నారని తెలిసింది. సావుకారు తన పేరుతో, దాతల పేర్లతో పెద్ద బోర్డు రాయించారు. రంజన్ల మీద కట్టాలి. గోడ మలుపు వెనక కడితే ఎవరికి కనిపిస్తుంది? ఆ పొద్దున వదినె ఊరి చివర నీళ్ల బండ్ల దగ్గర ఉంది. సావుకారు నలుగురు వలంటీర్లను పిలిచి రంజన్లన్నీ తెప్పించి ముందు ద్వారం పక్కన, కోడెల వరుసను ఆనుకుని పెట్టించారు. బోర్డు కట్టించారు. నేను అక్కడే ఉన్నాను. "సావుకారీ, వదినె జెప్పిన కాడ ఉండనియ్యి, గిది మంచిగ లేదు" అన్నాను. "సార్, మీరు పుస్తకాలు చూసుకోండ్రి" అన్నారు. నేను వదినెను పిలుచుకురావడానికి పరుగెత్తాను.

మేము తిరిగి వచ్చేలోపే అయిపోయింది. రంజన్ల కింద పోసిన తడి ఇసుక వాసన కోడెలకు తగిలింది. ముందున్న ఒకటి తల తిప్పింది, వెనకున్నవన్నీ తోసుకొచ్చాయి. కుండలు పగిలాయి. అడవి వైపు పల్లె నుంచి వచ్చిన ఒక ముసలమ్మ చేతికి పగ్గం చుట్టుకుని ఉంది. వదిలెయ్యమని చుట్టుపక్కలవాళ్లు అరిచారట. వదల్లేదు. కోడె ఆమెను ఈడ్చుకుపోయింది. పొద్దుగూకకముందే ప్రాణం పోయింది. వదినె ఆమె తలను ఒడిలో పెట్టుకుని కూర్చుంది. బోర్డు ఊడదీసి దాచేశారని నాకు తర్వాత తెలిసింది.

తహసీల్దారు కమిటీని పిలిచాడు. మీలో మీరు తగువు పడితే వచ్చే ఏడు ఎవరికీ అనుమతి లేదు, నీళ్ల పందిరి ఉండదు, ఎవరో ఒకరు బాధ్యత తీసుకుని తప్పుకోండి, అన్నాడు. మరునాడు మీటింగు. సావుకారు చాలాసేపు మాట్లాడి చివరకు నేల చూస్తూ, "నీళ్ల బందోబస్తు ఎన్నడైనా కార్యదర్శిదే గద" అన్నారు. వకీలు తల ఊపాడు. గుంజ పాతించిన చోట నిలబడి చెమటలు కక్కిన ఆ వకీలే.

నేను లేచి గట్టిగా అరిచాను. ఎవరు రంజన్లు కదిలించారో తహసీల్దారు ముందు చెప్తానన్నాను. వదినె నా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

"నువ్వు జెప్పినవనుకో మరిదీ. గా తర్వాత?"

సావుకారు తప్పు బయటపడితే తగువు తెగదు. తగువు తెగకపోతే నీళ్లు ఉండవు. మళ్లీ గుంట నీళ్లు తాగుతారు. అది ఆమెకు మాకంటే బాగా తెలుసు.

ఆమె సావుకారు వైపు తిరిగింది. "నాదే తప్పని ఒప్పుకుంట. తప్పుకుంట. కని వచ్చే ఏడు కెళ్లి రంజన్లు, గోలేలు నేను జెప్పిన కాడనే వెట్టాలె. జానెడు గూడ జరగొద్దు. ఒప్పుకుంటరా?"

"ఒప్పుకుంటం చెల్లె."

"జరిపిన నాడు నేను నోరు తెరుస్త."

ఊరంతా ఆ ముసలమ్మ చావు మా వదినె చేతకానితనం వల్లే అన్నది. బజారులో ఆమెను చూసి ముఖం తిప్పుకున్నవాళ్లు ఉన్నారు. ఆమె పోయేదాకా నోరు తెరవలేదు, ఎందుకంటే వాళ్లు రంజన్లు జరపలేదు. ఇప్పుడు ఇదంతా రాయడం ఆమె మాటను తప్పించడం కాదా అని ఎవరైనా అడగవచ్చు. మాట ఇచ్చింది ఆమె, నేను కాదు.

మీటింగు అయిన వారం లోపే ఆమె ఆ ముసలమ్మ పల్లెకు బయలుదేరింది. నేనూ వెంట పోయాను. ముసలమ్మ కొడుకు వాకిట్లో నాగలి సరిచేసుకుంటున్నాడు. మా వదినె నిలబడే చెప్పింది: "నీళ్ల బందోబస్తు నాది బిడ్డా. నీళ్లు పెట్టరాని కాడ పెట్టిండ్రు. మీ అవ్వ అందుకే పోయింది."

కొట్టినా కొడతాడని నేను అనుకున్నాను. అతను నాగలి పక్కన పెట్టాడు. తర్వాత, "మా అవ్వ బయలెల్లే ముందే జెప్పిన, కోడెకు నీళ్లు తాపియ్యే అని" అన్నాడు. "వద్దన్నది. ఒక్కపొద్దు తప్పుతదన్నది. దేవుని తీర్థం తప్ప దాని గొంతుల సుక్క దిగొద్దన్నది. మా అవ్వ మొక్కు గట్లనే ఉండిపోయింది."

కొట్టంలో ఆ కోడె నెమరు వేస్తూ ఉంది. వదినె దాని వైపు చూసింది. తిరిగి వచ్చేటప్పుడు బండిలో, "తీర్థమైతే తాగచ్చన్నమాట" అంది.

మా పూజారయ్య మంచివాడు, కాస్త భయస్తుడు. ఊరి పొలిమేరలో, కోడెలు వరుసలోకి రాకముందే గోలేలు పెడతాం, వాటిలో మీరు తీర్థం కలపాలి, అని వదినె అడిగింది. ఆయన నోరు తెరిచాడు.

"కోడెలకు తీర్థమా? గిది ఏ శాస్త్రంల ఉన్నదమ్మా?"

"వద్దని ఏ శాస్త్రంల ఉన్నది అయ్యగారూ?"

ఆయన ఆలోచించి, "లేదు" అన్నాడు.

"గోలేనికి ఒక్క చెంబు చాలు. తీర్థం తాగితె ఒక్కపొద్దు తప్పదని మీ నోటితోని మీరు జెప్పాలె. నేను జెప్తె ఇనరు."

"సరే పోస్త."

"మీకు జ్వరమొస్తె?"

"మా తమ్ముడు పోస్తడు. నాకు గూడ జోడు వెట్టినవా తల్లీ!" అని ఆయన నవ్వాడు, వదినె కూడా నవ్వింది. ఆ ముసలమ్మ పోయిన తర్వాత మా వదినె నవ్వడం నేను చూసింది ఆ రోజే.

నేను ప్రణాళికల గురించి పెద్దవాళ్లు రాసినవి చాలా చదివాను. ఉపన్యాసాలు విన్నాను. అవన్నీ జనం ఎలా ఉండాలో అక్కడి నుంచి మొదలవుతాయి. ఆమె ప్రణాళిక జనం ఎలా ఉన్నారో అక్కడి నుంచి మొదలయ్యేది. ఒక్కపొద్దు మూఢనమ్మకం అని ఆమె ఎవరికీ ఉపదేశం చెయ్యలేదు. ఆ నమ్మకం తలుపు ఎటు తెరుచుకుంటుందో వెతికి, అటు నుంచే నీళ్లు లోపలికి పంపింది. సంతాప సభలో మాట్లాడిన కాలేజీ ఆయనకు ఇది చెప్పాలని ఉంది. ఆయన ప్రేమ అన్నది దీన్నేనైతే నాకు అభ్యంతరం లేదు, కాని ఆయనకు ఇది తెలియదు.

మరుసటి జాతరకు కార్యదర్శి సావుకారు అల్లుడు. రంజన్లు వదినె చెప్పిన చోటే, గోడ మలుపు వెనక పెట్టారు. గోలేలు పొలిమేరలో. పూజారయ్య ఒక్కో గోలెంలో చెంబుతో తీర్థం పోస్తూ గొంతు పోయేలా అరిచి చెప్పాడు. మొదట వచ్చినవాళ్లు అనుమానపడ్డారు. తర్వాత ఒక ముసలాయన తన కోడె మెడ నిమిరి ముందుకు నడిపించాడు. దాని వెనక అందరూ వచ్చారు.

వదినెకు ఆ ఏడు అక్కడ ఏ పనీ లేదు, ఏ బ్యాడ్జీ లేదు. నేనూ ఆమె వరుస పక్కన జనంలో నిలబడ్డాం. మధ్యాహ్నం దాటాక ఆ ముసలమ్మ కొడుకు వచ్చాడు. తల్లి మొక్కు తీర్చడానికి అదే కోడెను తెచ్చాడు. పగ్గం మణికట్టుకు చుట్టుకున్నాడు. మమ్మల్ని చూశాడో లేదో తెలియదు. వదినె నా భుజం పట్టుకుంది.

అంతకుముందు ఏడు కుండలు పగిలిన ముందు ద్వారం దగ్గరికి కోడె వచ్చింది. సంఘం వాళ్లు బోర్డు మాత్రం అక్కడే కట్టుకున్నారు. కోడె అక్కడ ఒక్క క్షణం ఆగింది. చెవులు కదిపింది. తర్వాత తల దించుకుని, ఎటూ చూడకుండా, ఆ మనిషి వెనక నెమ్మదిగా గుడి వైపు నడిచిపోయింది. దాని మూతి ఇంకా తడిగానే ఉంది. అది నడిచిన మేర దుమ్ములో వరుసగా నీటి చుక్కలు పడ్డాయి. వెనక వచ్చేవాళ్లకు అడ్డం కాకుండా వదినె కాస్త పక్కకు జరిగి, ఆ చుక్కలు ఎండకు ఒక్కొక్కటిగా ఆరిపోయేదాకా వాటినే చూస్తూ నిలబడింది.